సర్వాంగ పరీక్షయు సామాన్య గృహస్థుడును

గంగవరము ప్రాంతమునుండి యొక రైతు మాకు ఉత్తరము వ్రాసినారు. వయస్సు ఏబదిరెండు. ఆఱెకరముల మెట్టయు, కొలదిపాటి మల్బరి తోటయు, నాలుగు పాడియావులును గలవారు. కుమారుడు బెంగుళూరున ఉద్యోగము చేయుచు, తలిదండ్రులిద్దఱికిని అచ్చట నొక పెద్ద ఆసుపత్రిలో సర్వాంగ పరీక్ష చేయింప నిశ్చయించి, వచ్చు నెలలో దినము కూడ కుదిర్చినాడట. ఇరువురికి 22,000 రూపాయలు. "ఒంట నే బాధయు నెఱుగను. బోరు మోటారు కాలిపోయి యున్నది. ఆ సొమ్ము దానికి పెట్టుదమన్న, ప్రాణముకంటె మోటారెక్కువా యని కుమారుడు కోపించుచున్నాడు. మీ యభిప్రాయమేమి?" అని వారి ప్రశ్న. ఉత్తరపు చివర మఱియొక పంక్తి గలదు. దానిని గూర్చి పిదప వ్రాసెదము.

ఈ ప్రశ్న యీ యొక్క గృహస్థునిది మాత్రమే కాదు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పము పట్టణములలో ఏ వీథిని నడచినను ఇట్టి పరీక్షల ప్రకటనలు కానవచ్చుచునే యున్నవి. వెయ్యి రూపాయలకు అఱువది పరీక్షలని యొకరు, రెండు వేలకు తొంబదియని మఱియొకరు, మీ యింటికే వచ్చి నెత్తురు తీసికొందుమని వేఱొకరు. సంతలో కొసరు వేసినట్లు పరీక్షల సంఖ్యను పెంచుచున్నారు. కాలేయమునకు సంబంధించిన యొక్క పరీక్షనే పదునొకండు పేళ్లుగా విడదీసి లెక్కించుట యీ వర్తకమున పరిపాటి. కొనువాడు సంఖ్యను చూచునేగాని, ఆ పరీక్షలలో దేనిఫలితము తన జీవితమున దేనిని మార్చునో అడుగడు.

ఈ యాచారము ఎచ్చట పుట్టినదో కొంచెము తెలిసికొనుట మంచిది. ఆరోగ్యవంతులైనవారును నియతకాలమున వైద్యునిచే పరీక్ష చేయించుకొనవలయునని 1861 లో హొరేస్ డోబెల్ అను ఆంగ్ల వైద్యుడు బోధించెను. 1913 లో అమెరికాలో లైఫ్ ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టిట్యూటు అను సంస్థ యేర్పడి, జీవితభీమా కంపెనీల ప్రోత్సాహముతో దానిని వ్యాపింపజేసినది. భీమా చేసినవాడు ఎక్కువకాలము బ్రదికిన కంపెనీకి లాభము గదా! మన దేశమున నిది పట్టణపు మధ్యతరగతికి అలవాటగుటలో మన సీమవారి పాలును గలదు. అరగొండలో పుట్టిన ప్రతాప్ చంద్రారెడ్డిగారు 1983 లో మదరాసున స్థాపించిన అపోలో ఆసుపత్రి, 'మాస్టర్ హెల్త్ చెక్' అను మాటను జనులకు పరిచితము చేసిన సంస్థలలో ముఖ్యమైనది. ఆ సంస్థయే 2013 లో తవణంపల్లె మండలమున గ్రామస్థులకై 'టోటల్ హెల్త్' అను కార్యక్రమమును ఆరంభించినది. కావున ఈ యాచారమును విదేశీయమని గాని, కేవలము మోసమని గాని కొట్టివేయుట మా యుద్దేశము కాదు. అడుగవలసిన ప్రశ్న యొక్కటియే: దీనివలన మనుష్యులు ఎక్కువకాలము బ్రదుకుచున్నారా?

ఈ ప్రశ్నకు ఊహలతో పనిలేదు. ప్రత్యక్షముగా పరీక్షించి చూచినారు. డెన్మార్కు దేశమున దాదాపు 60,000 మందిని రెండు భాగములుగా చేసి, వారిలో 11,000 పైచిలుకు జనులను పిలిచి పరీక్షించి, ప్రమాదమున్నవారికి పలుమాఱులు హితబోధ చేసిరి. తక్కినవారిని వారి మానమున విడిచిరి. పదియేండ్లకు లెక్క చూడగా, గుండెజబ్బులలో గాని, పక్షవాతములో గాని, మరణములలో గాని ఇరుతెగలకు భేదము కానరాలేదు. ఇది 2014 లో ప్రకటితమైనది. ఇట్టి ప్రయోగములను సేకరించి తూచు కాక్రేన్ అను పండితసంఘమువారు 2019 లో రెండున్నర లక్షలకు పైబడిన జనులపై జరిగిన పదునైదు ప్రయోగముల ఫలితములను కలిపి చూచి, సాధారణారోగ్య పరీక్షలవలన మొత్తము మరణములును, క్యాన్సరు మరణములును తగ్గలేదని తేల్చిరి. ఇవి పాశ్చాత్యదేశముల లెక్కలనియు, అచ్చటివారికి మామూలుగనే వైద్యుడు అందుబాటున నుండుననియు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ సబబైనదే. కాని దానినుండి తేలునది, మన పల్లెలకు దగ్గఱలో నిత్యము కనబడు వైద్యుడు కావలయునని. ఏడాదికొక్కమాఱు బెంగుళూరు పోవలయునని కాదు.

తొలుతనే కనిపెట్టిన రోగము సులువుగా కుదురునని అందఱము నమ్ముదుము. మఱి ఫలమేల కలుగలేదు? దీనికి కారణము కొంత గణితమునందే యున్నది. నెత్తురు పరీక్షలలో 'సాధారణము' అని కాగితముపై అచ్చువేయు హద్దులను, ఆరోగ్యవంతులు నూర్గురిలో తొంబదియైదుగురు లోపల నుండునట్లు నిర్ణయించుట వాడుక. అనగా ఏ దోషమును లేని యైదుగురు హద్దు వెలుపల నుందురు. ఒండొంటితో సంబంధములేని యిరువది పరీక్షలు చేసినచో, పూర్ణారోగ్యవంతునకు అన్నియు 'సాధారణము' అని వచ్చు అవకాశము నూటికి 36 మాత్రమే. తక్కిన 64 మందికి ఏదో యొక యంకె క్రింద ఎఱ్ఱగీత పడును. తొంబది పరీక్షల మాట చెప్పనేల! ఆ ఎఱ్ఱగీతతో రెండవ పరీక్ష, దానిపై స్కానింగు, దానిపై నిపుణుని దర్శనము, నడుమ నిద్రలేని రాత్రులు. ప్రకటనలోని ధర తొలిమెట్టు ధర మాత్రమే.

రెండవ కారణము గణితముకంటె గంభీరమైనది. శరీరమున మనకెన్నడును హానిచేయక మనతోడనే గతించు గడ్డలెన్నియో గలవు. వెదకినచో అవి దొరకును. దొరకిన పిమ్మట ఊరకుండుట యెవరికిని సాధ్యము కాదు. దక్షిణ కొరియాలో తక్కువ ధరకు కంఠము స్కానింగు చేయుట వ్యాపింపగా, 2011 నాటికి థైరాయిడు క్యాన్సరని నిర్ణయింపబడినవారు 1993 నాటికంటె పదునైదు రెట్లైరి. మరణములు మాత్రము ఉన్నచోటనే యున్నవి. వేలకొలది స్త్రీపురుషులు కంఠమును కోయించుకొని జీవితాంతము మాత్రలు మ్రింగువారైరి. ఇంగ్లండున రెండు లక్షలకు పైగా స్త్రీలపై అండాశయపు క్యాన్సరుకై నెత్తురు పరీక్షను, స్కానింగును ప్రయోగించి, 2021 లో మరణములు తగ్గలేదని ప్రకటించిరి. ఆ నెత్తురు పరీక్షయే నేడు మన పట్టణములలో 'స్త్రీల ప్యాకేజీ' యందు పెద్ద యక్షరములతో అచ్చగుచున్నది. ఆరోగ్యవంతులకు విటమిన్ డి పరీక్ష మామూలుగా చేయనక్కఱలేదని ఆ శాస్త్రపు నిపుణులసంఘమే 2024 లో చెప్పినను, అది లేని ప్యాకేజీ మాకు కానరాలేదు. ఇక ఒడలంతయు సి.టి. స్కాను చేయుటయన్నచో, ఛాతీ ఎక్స్-రేకంటె నూఱు రెట్లకు మించిన కిరణములను నిష్కారణముగా ఒంట నింపుకొనుటయే. ఎం.ఆర్.ఐ. యందు ఆ కిరణములు లేవు. అయినను ఏ లక్షణమును లేనివారికి సర్వాంగ ఎం.ఆర్.ఐ. చేయుమని చెప్పుటకు తగిన సాక్ష్యము లేదని అమెరికా రేడియాలజీ కళాశాలవారు 2023 లో ప్రకటించిరి. యంత్రములను నడుపువారే యిట్లనుట గమనింపదగినది.

"మా బంధువునకు ఈ పరీక్షవలననే ప్రాణము దక్కినది" అని చెప్పువారు ప్రతి యూరను గలరు. వారి మాట అబద్ధమనము. కొందఱకు నిజముగా మేలు కలిగియుండును. కాని కోయనక్కఱలేని గడ్డను కోయించుకొన్నవాడును తన ప్రాణము దక్కినదనియే చెప్పును. తనకు నష్టము కలిగినదని అతడెన్నటికి నెఱుగడు. అట్లే, అంతయు బాగున్నదని కాగితము పుచ్చుకొని వచ్చి, ఆఱు నెలలకు ఛాతీలో బరువు తోచినపుడు "మొన్ననే చూపించితిని గదా" యని ఆలసించినవాని కథ ప్రకటనలలోనికి ఎక్కదు.

ఇంతమాత్రముచేత రోగలక్షణములు లేనివారిలో రోగమును వెదకుటయే తప్పని యనుకొనరాదు. మదనపల్లె సీమవారికి ఈ విషయము ఇతరులు చెప్పవలసినది కాదు. ఆరోగ్యవరపు క్షయ చికిత్సాలయము ఫ్రిమొడ్ మొల్లర్ అను డేనిష్ వైద్యుని నాయకత్వమున శతాబ్దమునకు పూర్వమే వెలసినది. ఆ చికిత్సాలయమువారు 1950 మొదలు 1955 వఱకు మదనపల్లె చుట్టుపట్ల గ్రామములలో ఎక్స్-రే తీసి, చర్మపరీక్షలు చేసి, క్షయను వెదకిరి. ఆ పరిశోధన ప్రపంచారోగ్య సంస్థ పత్రికలో 1960 లో ప్రకటితమై దేశదేశముల వైద్యులు చదివినారు. వారు ఒక్క రోగమును వెదకిరి; అది ఇంటినుండి యింటికి ప్రాకు రోగము; దానికి మందు అప్పుడే చేతికి వచ్చుచుండెను. తొంబది రోగములకై వల విసరలేదు. 1968 లో విల్సన్, యుంగ్నర్ అను వైద్యులు ప్రపంచారోగ్య సంస్థకొఱకు వ్రాసిన సూత్రములును ఇంచుమించుగా నివియే: రోగము ముఖ్యమైనది కావలయును, పరీక్ష నమ్మదగినది కావలయును, దొరకిన పిమ్మట చికిత్స అందుబాటున నుండవలయును.

ఈ కొలతకు నిలుచు పరీక్షలు మనకు కొన్నియే గలవు, అవి చౌకయైనవి. భారత వైద్య పరిశోధన మండలి యాధ్వర్యమున జరిగి 2023 లో వెలువడిన లెక్కప్రకారము దేశమున పది కోట్లకు పైగా జనులకు మధుమేహము గలదు. పెద్దవారిలో మువ్వురికొకరికి మించి రక్తపుపోటు గలదు. ఈ రెండును ఏ బాధయు లేకుండగనే గుండెను, మూత్రపిండములను తొలుచునవి. చేతికి పట్టీ కట్టి చూచుటకు రెండు నిమిషములు చాలును; వ్రేలి చివర చుక్క నెత్తురు చాలును. పొగాకు వాడువారికి నోటిని దీపపు వెలుగున చూచుట మూడవది. తిరువనంతపురమున శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటింటికి పోయి నోళ్లు పరిశీలింపగా, పొగాకు గాని మద్యము గాని సేవించువారిలో నోటి క్యాన్సరు మరణములు దాదాపు మూడవ వంతు తగ్గినట్లు 2005 లో తేలినది. నాలుగవది స్త్రీల గర్భాశయ ముఖద్వార పరీక్ష. 1948 వఱకు నిజాము రాజ్యమున నుండి నేడు ధారాశివ్ అని పిలువబడు ఉస్మానాబాదు జిల్లాలో లక్షా ముప్పదివేలకు పైబడిన పల్లెటూరి స్త్రీలపై జరిగిన ప్రయోగమున, ఒక్కమాఱు హెచ్.పి.వి. పరీక్ష చేసి చికిత్స చేసినందున ఆ క్యాన్సరు మరణములు సగమునకు దిగినట్లు 2009 లో ప్రకటితమైనది. డెన్మార్కును గూర్చి ఆక్షేపించువారికి ఇది మన పొలములలో పనిచేయు స్త్రీల లెక్కయే.

ఇట్టి ఫలమిచ్చు పరీక్ష మన స్త్రీలలో ఎందఱకు జరిగినది? 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, దేశమున ముప్పది మొదలు నలుబదితొమ్మిదేండ్ల స్త్రీలలో ఎప్పుడైనను ఈ పరీక్ష చేయించుకొన్నవారు నూటికి ఇద్దఱైనను లేరు, 1.9 మాత్రమే. ఈ యంకెను చూచినప్పుడు మాకు సిగ్గు కలిగినది. ముప్పదియేండ్లు దాటినవారందఱికిని రక్తపుపోటు, మధుమేహము, నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారము పరీక్షింపవలయునని ప్రభుత్వపు కార్యక్రమమే గలదు. మన రాష్ట్రమున 2023 లో ఇంటింటికి తిరిగి పరీక్షలు చేసి శిబిరములును నడపిరి. చూచి వ్రాసికొనుట యొక యెత్తు. కనబడినవానికి నెలనెల మాత్రలు తప్పక యిచ్చుట మఱియొక యెత్తు. ఈ రెండవదానినిగూర్చి ఊరి పెద్దలు గ్రామసభలో అడుగుచున్నారా? 2007 లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్రధానముగా రోగము ముదిరి ఆసుపత్రి చేరినవానికి అక్కఱకు వచ్చునది. ఆదాయపు పన్ను చట్టమున ఇట్టి పరీక్షలకు 5,000 రూపాయల వఱకు మినహాయింపు 2012-13 నుండి గలదు, అదియు పాత పద్ధతిని పన్ను చెల్లించువారికే. సేద్యపు రాబడికి పన్నే లేని రైతునకు ఆ మినహాయింపువలన ఒరుగునదేమి? ప్రభుత్వ ధనము ఉద్యోగస్థుని ప్యాకేజీకి దారిచూపుచు, ఉపకేంద్రమున హెచ్.పి.వి. పరీక్ష లేకపోవుట మాకు న్యాయముగ తోచదు.

ఇక మన మిత్రుని ప్రశ్న. వారు తమ రక్తపుపోటును, షుగరును ఊరి ఆరోగ్యకేంద్రమున ఏటేట చూపించుకొనవలయును. పొగాకు నములుదురట, కావున నోటిని చూపించుకొని, వీలైన ఆ యలవాటును మానవలయును. రెండు వారములకు మించి దగ్గున్నచో కఫపరీక్ష ఉచితముగనే చేయుదురు. తండ్రికో, సోదరునకో చిన్నవయస్సుననే గుండెపోటు వచ్చియున్నచో వైద్యునకు చెప్పి, కొలెస్టరాలు పరీక్ష మొదలగువానిని ఆయన మాటపై చేయించుకొనవచ్చును. ఇవన్నియు కలిసి 22,000 లో పదవ వంతు కాదు. మోటారును నిశ్చింతగా బాగుచేయించుకొనుడని మా సలహా. కుమారుని ప్రేమను తప్పుపట్టము. దూరమున నున్న బిడ్డలు చేయగలిగినది ధనము పంపుటయే యని తలంచుట సహజము. ఆ యబ్బాయి రక్తపుపోటు చూచు చిన్న యంత్రము నొకదానిని కొని తెచ్చి, నాలుగు దినములు ఇంట నుండి పోయిన చాలును.

కాని ఉత్తరపు చివరి పంక్తి యిది: "ఇంటిలోనివారికి ముట్లుడిగి మూడేండ్లైనను, రెండు నెలలనుండి అప్పుడప్పుడు నెత్తురు కనబడుచున్నది, అదియు ఆ పరీక్షలో తేలును గదా యని యున్నాము." ఆయన దీనిని పోనుపోను మాటగా వ్రాసినారు. ఉత్తరమంతటిలో వైద్యునకు చెప్పవలసిన మాట యిది యొక్కటియే. ఇది ఆరోగ్యవంతుల పరీక్షకు సంబంధించినది కాదు, రోగలక్షణము. దీనికి కారణము స్వల్పమే కావచ్చును, తఱచుగా స్వల్పమే యగును. కాని గర్భాశయపు క్యాన్సరు కూడ ఇట్లే తొలుత కనబడును. నెత్తురు తీసి తొంబది యంకెలు అచ్చువేసినను ఇది తేలకపోవచ్చును. స్త్రీవైద్యురాలు స్వయముగ చూచి, లోపలి పొరను స్కానింగుచే కొలిచి, అవసరమైన చిన్నముక్కను తీసి పంపవలయును. పలమనేరు ప్రభుత్వాసుపత్రికి ఈ వారమే తీసికొనిపోవలయును. వారు పైకి పంపినచో తిరుపతి, వేలూరు దూరము కావు. బెంగుళూరున కుదిర్చిన దినము వచ్చు నెలలో నున్నది. అంతవఱకు ఆగరాదు.