రెండవ సబ్‌వూఫర్ ఎందుకు?

బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలో, కుదుదండ్‌లో కాపురమున్న తెలుగు గృహస్థులకు రైలుబండి ఉరుము పరిచితమే. తెరమీద అదే దృశ్యం వచ్చినపుడు ఒక కుర్చీ దద్దరిల్లి, మరొక కుర్చీకి ఏమీ వినబడకున్నచో దోషం సబ్‌వూఫర్‌ది కాకపోవచ్చు, గదిది కావచ్చు.

14 అడుగుల పొడవుగల గదిలో, సెకనుకు సుమారు 40 కంపనాలుగల మంద్రధ్వని తరంగంలో సగం సరిగ్గా ఇముడుతుంది. అందువల్ల ఆ ధ్వని ఎదురెదురు గోడల చెంత ఉప్పొంగి, నడుమ క్షీణిస్తుంది. స్థాయి పెంచినచో నడిమివారి లోటు తీరదు. పొరుగింటివారి నిద్ర మాత్రం చెడుతుంది.

హర్మన్ సంస్థకు చెందిన టాడ్ వెల్టి 2002లో పలు అమరికలను పోల్చి, ఎదురెదురు గోడల మధ్యభాగాలలో ఒక్కొక్కటి ఉంచడం మంచి ఉపాయమని తేల్చారు. రెండూ ఒకే రకానివై, ఒకే స్థాయిలో, ఫేజ్ మీట ఒకే వైపున ఉండాలి. అప్పుడు గది పొడవున ఒకటి రేపిన ప్రతిధ్వనిని రెండవది అణచుతుంది.

అమర్చిన పిమ్మట ప్రతి కుర్చీలోనూ కూర్చుండి ఒకే పాట వినండి. వ్యత్యాసం తగ్గినచో స్థాయిని కొంత దించండి. ఇంటిల్లిపాదికీ వినబడుతుంది, పొరుగువారికీ నిద్ర పడుతుంది.