బిల్లు పాసైందా, కాలేదా? ఆ కాగితం ఆసుపత్రి గోడకు అంటించండి



మా పిన్ని ఒక ఏరియా ఆసుపత్రిలో పారిశుధ్య కార్మికురాలు. కాన్పుల వార్డు ఆమె డ్యూటీ. కాన్పు అయ్యాక ఆ గది కడిగేది, ఆ గుడ్డలు తీసేది, ఆ రక్తం తుడిచేది ఆమే. పోయిన సంవత్సరం వరుసగా ఐదు నెలలు ఆమెకు జీతం పడలేదు. సూపర్‌వైజర్‌ని అడిగితే "ప్రభుత్వం మాకే బిల్లు ఇవ్వలేదమ్మా, నీకెక్కడి నుంచి తెచ్చేది" అన్నాడు. ఆఫీసుకు పోయి అడిగితే "మీ ఏజెన్సీకి బిల్లు ఎప్పుడో వేసేశాం, మీ కాంట్రాక్టర్‌ని అడుక్కోపో" అన్నారు. (మనకు ఏజెన్సీ అంటే మన కొండలు, మన ఊళ్ళు. ఆ ఆఫీసులో ఏజెన్సీ అంటే పట్నంలో కూర్చున్న కాంట్రాక్టర్. ఆ తేడా నాకు అర్థం కావడానికే ఒక పూట పట్టింది.)

నేనూ పిన్నీ మూడుసార్లు తిరిగాం. బస్సు చార్జీలు మావే. అటువాళ్ళు ఇటు చూపించారు, ఇటువాళ్ళు అటు చూపించారు. బయటికి వచ్చాక పిన్ని ఒకే మాట అడిగింది: "ఇద్దరిలో ఎవడు చెప్పేది నిజం రా?" డిగ్రీ చదివిన నేను దానికి జవాబు చెప్పలేకపోయాను.

ఆ జవాబు ఎక్కడో ఒక కాగితం మీద ఉంటుంది కదా. ఫలానా కాంట్రాక్టర్‌కి, ఫలానా నెలకి, ఫలానా తేదీన ఇంత చెల్లించాం అని. ఆ ఒక్క కాగితం ఆసుపత్రి గోడ మీద ఉంటే మేం మూడుసార్లు తిరిగే పనే లేదు. ఈ రోజు మీతో మాట్లాడాలనుకున్నది ఆ కాగితం గురించే.

మనం ఏం అడుగుతున్నామో ఒకసారి గుర్తు చేసుకోండి. డాక్టర్ కావాలని అడుగుతున్నాం. అంబులెన్స్ కావాలని, రోడ్డు కావాలని, డోలీ మోతలు ఆగాలని ధర్నాలు చేస్తున్నాం. అడగాల్సిందే. కానీ మన ఆసుపత్రి పేరు మీద ఇప్పటికే ఖర్చయిన డబ్బు ఎవరి ఖాతాలో పడిందో ఎంతమందిమి అడిగాం? మందుల సరఫరాదారు ఎవరు? రోగులకు భోజనం పెట్టే కాంట్రాక్టు ఎవరిది? అద్దె వాహనం ఎవరి పేరున నడుస్తోంది, దానికి నెలకి ఎంత కడుతున్నారు? మన వినతిపత్రాల్లో ఈ ప్రశ్నలు ఉండవు. నా చేత్తో రాసిన వినతిపత్రాల్లో కూడా లేవు, అది ముందే ఒప్పుకుంటున్నాను.

పిన్ని విషయంలో తిరుగుతున్న రోజుల్లోనే వేరే దేశాల్లో ఈ లెక్కలు ఎలా బయటపెడతారో ఫోన్‌లో వెతికాను. కెనడా పడమటి తీరంలో బ్రిటిష్ కొలంబియా అనే రాష్ట్రం ఉంది. దాదాపు 200 మూలవాసీ సముదాయాలు అక్కడ ఉన్నాయి. వాళ్ళని ఫస్ట్ నేషన్స్ అంటారు. ఆ రాష్ట్రంలో ఆసుపత్రులను ఐదు ప్రాంతీయ ఆరోగ్య సంస్థలు నడుపుతాయి. అందులో నార్తర్న్ హెల్త్ అనేది అడవులూ కొండలూ ఉన్న ఉత్తర ప్రాంతానిది. ఒక రకంగా వాళ్ళ మన్యం అనుకోండి. అక్కడి ఆర్థిక సమాచార చట్టం ప్రకారం ఈ సంస్థలు ఏటా ఒక జాబితా ప్రచురించాలి. ఏడాదిలో 25,000 డాలర్లు దాటి డబ్బు తీసుకున్న ప్రతి సరఫరాదారు పేరు, ఎదురుగా మొత్తం. మందుల కంపెనీ, బట్టలు ఉతికే కంపెనీ, కరెంటు కంపెనీ, అందరూ వరుసగా ఉంటారు. దరఖాస్తు పెట్టక్కర్లేదు, ఎవరినీ బతిమాలక్కర్లేదు. ఇంగ్లండ్‌లో కూడా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు 25,000 పౌండ్లు దాటిన చెల్లింపులను నెలనెలా పెడతాయి. అందులో తేదీ, ఖర్చు రకం కూడా ఉంటాయి.

చూడగానే "మనకూ ఇలాంటిదే కావాలి" అనుకున్నాను. తర్వాత లెక్క వేశాను. 25,000 కెనడా డాలర్లంటే మన డబ్బుల్లో సుమారు 15 లక్షలు. మన పీహెచ్‌సీలో ఏ ఒక్క సరఫరాదారుకైనా ఏడాదికి 15 లక్షలు దాటి వెళుతుందా? ఫినాయిల్, బ్లీచింగ్, జనరేటర్ డీజిల్, కుర్చీల రిపేరు, జిరాక్స్ బిల్లులు... ఇవన్నీ వేలల్లో ఉండే లెక్కలు. ఆ చట్టాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ పెడితే మన ఆసుపత్రి జాబితా ఖాళీ కాగితమే. పైగా అక్కడి జాబితా మొత్తం సంస్థకి కలిపి ఉంటుంది. ఫలానా కంపెనీకి ఇన్ని లక్షల డాలర్లు అని తెలుస్తుంది, ఆ డబ్బు పట్నం ఆసుపత్రికి పోయిందా, మారుమూల క్లినిక్‌కి పోయిందా అన్నది ఆ పేజీలో కనబడదు. మనకు కావాల్సింది సరిగ్గా అదే.

ఇంకో మాట. ఆ జాబితాలు ఏళ్ళ తరబడి వస్తున్న ఆ రాష్ట్రంలోనే, ఆసుపత్రుల్లో మూలవాసుల మీద జాతి వివక్ష విస్తృతంగా ఉందని 2020లో ఒక స్వతంత్ర సమీక్ష తేల్చింది. లెక్కలు గోడకెక్కిన మాత్రాన మన ఆడవాళ్ళని నర్సమ్మ కసురుకోవడం ఆగదు. ఆ పోరాటం వేరే ఉంది. ఈ కాగితం అన్నిటికీ మందు అని నేను చెప్పడం లేదు.

సరే, మన చట్టం ఏం చెబుతోంది? కొత్త చట్టం అడగాల్సిన పని కూడా లేదు. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. దాని సెక్షన్ 4(1)(బి) ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయం తనంతట తానే బయటపెట్టాల్సినవి 17 అంశాలు ఉన్నాయి. పదకొండోది చదవండి: కేటాయించిన బడ్జెట్, ప్రతిపాదించిన ఖర్చు, చేసిన చెల్లింపుల నివేదికలు. అదే సెక్షన్‌లో 4(4) ఇంకా బాగుంది. సమాచారాన్ని స్థానిక భాషలో, ఆ ప్రాంతంలో బాగా పనిచేసే పద్ధతిలో అందించాలని అంటుంది. సిగ్నల్ లేని కొండ మీద ఇంగ్లీషు పీడీఎఫ్ పెట్టి "వెబ్‌సైట్‌లో ఉంది చూసుకోండి" అంటే ఆ సెక్షన్‌ని పాటించినట్టు కాదు. మన దగ్గర బాగా పనిచేసే పద్ధతి ఏంటో మనకు తెలుసు. ఉపాధి హామీలో ఎవరికి ఎన్ని రోజులు పని, ఎంత కూలి అని గోడ మీద రాశారు, సోషల్ ఆడిట్‌లో మస్టర్ చదివి వినిపించారు. చదువురాని మా తాత కూడా లేచి "ఆ రోజు నేను పనికి రాలేదు, నా పేరెందుకు రాశారు" అని అడిగాడు. కూలీ రోజు కూలి లెక్క ఊరందరి ముందు చదవొచ్చు గానీ, కాంట్రాక్టర్ బిల్లు చదవకూడదా?

ఆ సోషల్ ఆడిట్ కూడా ఎవరో దయతో ఇచ్చింది కాదు. 1990లలో రాజస్థాన్ పల్లెల్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్ళు పంచాయతీ బిల్లులూ వోచర్లూ తెమ్మని, జన సున్‌వాయీల్లో అందరి ముందు చదివించారు. 1996లో బ్యావర్‌లో 40 రోజులు ధర్నాకి కూర్చున్నారు. సమాచార హక్కు చట్టానికి దారి వేసిన పోరాటాల్లో అదొకటి. వాళ్ళు మొదలుపెట్టింది పెద్ద పెద్ద సిద్ధాంతాలతో కాదు, కూలి డబ్బులు ఎటు పోయాయి అన్న ప్రశ్నతో. మా పిన్ని ప్రశ్న కూడా అదే కదా.

షెడ్యూల్డ్ ప్రాంతంలో మనకు ఇంకో బలం ఉంది, పెసా. 1996 చట్టం సెక్షన్ 4(ఎఫ్) ప్రకారం పంచాయతీ ఖర్చు పెట్టిన నిధులకు వినియోగ ధ్రువీకరణ గ్రామసభ నుంచి తీసుకోవాలి. 4(ఎం) ప్రకారం సామాజిక రంగాల సంస్థల మీదా, ఉద్యోగుల మీదా నియంత్రణ అధికారం గ్రామసభకూ పంచాయతీలకూ ఉండేలా రాష్ట్రం చూడాలి. ఆసుపత్రి సామాజిక రంగం కాకపోతే మరేంటి? మన రాష్ట్ర నియమాలు 2011లోనే వచ్చాయి. లెక్క చూపించకుండా నియంత్రణ ఎలా చేస్తాం? చేతిలో తాళం పెట్టి తాళంచెవి వాళ్ళు దాచుకున్నట్టుంది ఈ వ్యవహారం.

అధికారులు చెప్పే మాటలు రెండున్నాయి. ఒకటి, "కొనుగోళ్ళు పైనుంచి జరుగుతాయి, మా దగ్గర లెక్క లేదు." ఇందులో సగం నిజం. మందులు రాష్ట్ర స్థాయి కార్పొరేషన్ కొని సెంట్రల్ డ్రగ్ స్టోర్ల నుంచి పంపిస్తుంది. 108 వాహనాలు కాంట్రాక్టు మీద నడుస్తాయి, ఆ చెల్లింపు కూడా పైనే. కానీ ఆసుపత్రి అభివృద్ధి సంఘం డబ్బు కింద ఖర్చు పెట్టేదే. ఊరి ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీకి జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఏడాదికి 10,000 రూపాయల దాకా వస్తుంది. మీ ఊరి కమిటీ ఖాతా మీద ఎవరి సంతకాలున్నాయో మీలో ఎంతమందికి తెలుసు? ముందు ఆశా అక్కని అడగండి, మర్యాదగా అడగండి, ఆమె కూడా మనలాగే కింద నలుగుతున్న మనిషి. ఇక పైవాళ్ళ దగ్గరున్న లెక్క కోసం మనం తిరగక్కర్లేదు. సెక్షన్ 6(3) ప్రకారం ఆ దరఖాస్తుని ఐదు రోజుల్లో సంబంధిత కార్యాలయానికి వాళ్ళే పంపించాలి.

రెండోది, "అది కాంట్రాక్టర్ వ్యాపార రహస్యం." పిన్ని కోసం నేను పెట్టిన దరఖాస్తుకి వచ్చిన జవాబు ఇదే, సెక్షన్ 8(1)(డి) అని రాసి మరీ పంపించారు. కాన్పుల వార్డు కడగడంలో వ్యాపార రహస్యం ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. ప్రజాప్రయోజనం ఉంటే వ్యాపార సమాచారం కూడా ఇవ్వాలని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. అదే రాసి మొదటి అప్పీలు పెట్టాను. 30 రోజుల లోపు పెట్టాలి, ఆ గడువు మర్చిపోకండి, చాలామంది అక్కడే ఆగిపోతున్నారు.

అప్పీలు తర్వాత ఒకే ఒక్క పేజీ వచ్చింది. ఐదు నెలల్లో మూడు నెలల బిల్లు కాంట్రాక్టర్‌కి పడింది. రెండు నెలలది పడలేదు. అంటే బిల్లే రాలేదన్న సూపర్‌వైజర్ మాట అబద్ధం, అంతా వేసేశామన్న ఆఫీసు మాట కూడా అబద్ధం. ఆ పేజీ జిరాక్స్ తీసి వార్డులో పనిచేసే అందరికీ పంచాం. వారం తిరగకముందే మూడు నెలల జీతం పడింది. ఏ ధర్నా చేయలేదు, ఏ నినాదం ఇవ్వలేదు. కాంట్రాక్టర్ ఇవ్వకపోతే పని చేయించుకున్న అసలు యజమానే జీతం కట్టాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం నుంచీ ఉంది. కానీ ఏ నెలది ఎవరి దగ్గర ఆగిందో తెలియకపోతే ఆ చట్టం పట్టుకుని ఎవరి మీదికి పోతాం?

ఒక చేదు మాట కూడా చెప్పాలి. ఈ జాబితాలు బయటికొస్తే కొన్ని చోట్ల మనవాళ్ళ పేర్లే కనబడతాయి. మన తమ్ముడి ఆధార్, మన తమ్ముడి బ్యాంకు పుస్తకం, వెనక నడిపించేది పట్నం షావుకారు. నెలకి నాలుగు వేలు చేతిలో పెడితే సంతకం పెట్టేసే వాళ్ళున్నారు, వాళ్ళ ఇబ్బంది నాకు తెలుసు. అయినా ఆ పేరు కూడా గోడ మీద ఉండాల్సిందే. మన సంఘం వాడైతే ఒక లెక్క, కాకపోతే ఒక లెక్క అంటే రేపు గ్రామసభలో మన మాట ఎవరూ వినరు.

కాబట్టి రాబోయే గ్రామసభకి ఒక తీర్మానం రాసుకొని పోండి. పీహెచ్‌సీ, ఏరియా ఆసుపత్రి, ఏదైతే అది, దాని పేరు మీద జరిగిన ప్రతి చెల్లింపు, రూపాయి పరిమితి ఏమీ లేకుండా, మూడు నెలలకోసారి గోడ మీద తెలుగులో రాయాలి. ఎవరికి, దేనికి, ఏ నెలకి, ఎంత, ఏ తేదీన అన్న ఐదు గడులు చాలు. గ్రామసభలో గట్టిగా చదివి వినిపించాలి, మన భాషలో చెప్పగలిగిన వాళ్ళతో. తీర్మానం పుస్తకంలో ఎక్కిందో లేదో చూసుకుని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తీర్మానంతో పాటు ఒక ఆర్టీఐ దరఖాస్తు కూడా పెట్టండి. గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుం లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్ళకి అదీ లేదు. రాయడం రానివాళ్ళు నోటితో చెబితే సమాచార అధికారే రాసుకోవడానికి సాయం చేయాలి, సెక్షన్ 6(1).

పిన్నికి ఇంకా రెండు నెలల జీతం రావాలి. రెండో దరఖాస్తు ఈసారి ఆమె పేరు మీదే పెట్టాం, ఆమె సంతకంతో. అందులో రెండే ప్రశ్నలు: ఆ రెండు నెలల బిల్లు ఏ అధికారి బల్ల మీద, ఏ తేదీ నుంచి ఆగి ఉంది? మా జీతాల నుంచి కోసిన పీఎఫ్ ఏ ఖాతాలో, ఏ తేదీన కట్టారు?