హోదా లేని సిరా

మన దగ్గర ప్రతి సిరాకూ ఒక కొలువుంది. ఎరుపు పంతుళ్లది, పత్రికాఫీసులో కాపీ దిద్దే మాలాంటివాళ్లది. ఆకుపచ్చ గెజిటెడ్ అధికారి దస్కత్‌ది. నీలం, నలుపు పరీక్ష రాసే పిల్లలవి, అర్జీ పెట్టుకునే రైతువి. ఈ పంపకాల్లో ఎవరి వాటాకూ రాకుండా మిగిలిపోయిన రంగు ఒకటుంది. చీరల కొట్టులో ‘వైన్ కలర్’ అంటూ పరిచి చూపించే మెరూన్ రంగు అది. దాంతో దిద్దితే తప్పు పట్టినట్టుండదు, సంతకం పెడితే హుకుం జారీ చేసినట్టుండదు. ఆ రంగు ఇంకు పోసిన పెన్నుతో మనిషి తన కోసమో, తనవాళ్ల కోసమో తప్ప రాయడు.

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల కళ్లకు ఈ రంగు కొత్తదేం కాదు. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన పుట్టపాక తేలియా రుమాలును దగ్గరగా చూడండి. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టాక అద్దకం మొదలవుతుంది. అలిజరిన్ రంగు పటిక పట్టిన నూలు మీద ఎర్రగా తేలుతుంది, ఇనుము తగిలితే నలుపుకు తిరుగుతుంది. ఆ రెంటి నడుమ ఎక్కడో ఉంటుంది మన మెరూన్. గద్వాల చీర అంచుల్లోనూ అది మెరుస్తుంది. బట్ట మీద ఇంత పాతదైన రంగు మన కాగితం మీదికి ఎందుకో రాలేదు.

ఇప్పుడు వస్తోంది. ఇంగ్లండు డయామిన్ కంపెనీ ‘ఆక్స్‌బ్లడ్’, జపాను పైలట్ వాళ్ల ‘యామా బుడో’ (అడవి ద్రాక్ష అట) తెప్పించుకునేవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. పెన్ను కోసం అంత దూరం పోనక్కర్లేదు. రాజమండ్రి రత్నం పెన్నులు 1932 నుంచీ ఉన్నాయి. వాటి గొట్టం మర విప్పి, ఫిల్లరుతో ఇంకు పోసుకోవడమే ఒక ముచ్చట.

అసలు సొగసు రాతలో ఉంది. ఈ సిరా ఒక్క తీరుగా పరుచుకోదు. పాళీ చురుగ్గా కదిలినచోట గులాబీ ఛాయలో పలచబడుతుంది, ఆగి లేచినచోట గూడుకట్టి నల్లబారుతుంది. గుండ్రంగా తిరిగే మన అక్షరాలకు ఇది భలే కుదిరింది. ‘ళ’ చుట్టు తిరిగేలోపు మూడు ఛాయలు కనిపిస్తాయి. తలకట్టు కొసన చిన్న చుక్కలా చిక్కబడుతుంది. కింద ఒత్తు పడితే మళ్లీ తేలికవుతుంది. బాల్‌పెన్నుకు ఈ ఎగుడుదిగుళ్లు తెలియవు, అచ్చుకూ తెలియవు. సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికలోకి 354 మంది కవులను చేర్చారు. ఆ పద్యాలు చేతిరాతలోనే కదా ఆయన బల్ల మీదికి చేరి ఉంటాయి! అచ్చులో వాళ్లంతా ఒకే దస్తూరీలోకి మారిపోయారు.

ఈ సిరాతో పేచీలూ లేకపోలేదు. వాన చినుకు పడితే కారిపోతుంది, కాబట్టి కవరు మీద చిరునామాకు పనికిరాదు. వేళ్లకు అంటితే రెండు రోజులు వదలదు. పెన్ను కడగడానికి మన బోరు నీళ్లు వద్దు. ఆ నీళ్లలోని ఉప్పులు పాళీ చీలికలో పేరుకుంటాయి. క్యాన్ నీళ్లు నయం.

దిగుమతి సీసా ధర చూసి వెనకాడేవాళ్లు ఇంట్లోనే కలుపుకోవచ్చు. ఒకే కంపెనీ ఎర్ర ఇంకులోకి నీలాన్ని చుక్క చుక్కగా వేస్తూ, ప్రతి చుక్కకూ కాగితం మీద గీసి చూడాలి. నీలానికి జోరెక్కువ, ఒక్క చుక్క మీరినా వంకాయ రంగులోకి దిగుతుంది. కలిపింది ఒక రాత్రి ఊరనిచ్చి, అడుగున మడ్డి లేదనుకున్నాకే పెన్నులో పోయండి.