బంగారు స్టిక్కర్ చూసి ఫోన్ కొనకండి

పాటలు బాగా వినడానికి ఏ ఫోన్ కొనాలని ఎవరైనా అడిగితే చాలు, వచ్చే సలహాలన్నీ ఒకే దారిన నడుస్తాయి. 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ ఆడాలి. డబ్బా మీద నలుపూ బంగారు రంగుల్లో హైరెస్ స్టిక్కర్ ఉండాలి. ఎల్‌డాక్ ఉండాలి, డాల్బీ అట్మాస్ ఉండాలి. వీటికోసం బడ్జెట్ ఇంకో ఇరవై వేలు పెంచుకో, లేదంటే సంగీతం సంగతి మరిచిపో. యూట్యూబ్‌లో రివ్యూలు చేసేవాళ్లది అదే మాట, షాపులో సేల్స్ కుర్రాళ్లదీ అదే మాట. ఈ సలహా తప్పు. కాస్త అటూ ఇటూగా కాదు, మొదలంటా తప్పు. దీనివల్ల జేబుకు చిల్లు పడటం ఒక్కటే నష్టమైతే ఇంత రాయాల్సిన పనిలేదు. మనం వినే పాటలు ఎక్కడ పాడవుతున్నాయో మన కంట పడకుండా ఈ సలహా అడ్డం నిలబడింది. నా కోపమంతా అందుకు.

ముందు ఆ అంకెల సంగతి చూద్దాం. 1982లో సీడీ బజారుకు వచ్చింది. దానికి 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ అని సోనీ, ఫిలిప్స్ కంపెనీలు కొలత పెట్టింది గాలివాటంగా కాదు. మనిషి చెవికి వినబడేది 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు. అదీ చిన్న వయసులో. ఏళ్లు గడిచేకొద్దీ పై అంచు తరుగుతూ వస్తుంది. నడివయసు వచ్చేసరికి చాలామందికి 15 దాటి వినబడదు. ఒక శబ్దంలో ఉన్న అత్యధిక ఫ్రీక్వెన్సీకి రెట్టింపు కంటే ఎక్కువ సార్లు సెకనుకు నమూనాలు తీస్తే, ఆ శబ్దాన్ని తిరిగి పూర్తిగా రాబట్టవచ్చని నైక్విస్ట్, షానన్‌ల గణితం చెబుతుంది. దాదాపుగా రాబట్టవచ్చని కాదు, పూర్తిగా. సీడీ కొలత 44.1, మన చెవి అంచు అయిన 20కి రెట్టింపు కంటే ఎక్కువే. కాబట్టి మెట్లు మెట్లుగా ఉన్న తరంగం బొమ్మ ఒకటి గీసి, 192లో మెట్లు చిన్నవై పాట నున్నగా వస్తుందని చూపించే ప్రకటనలు అబద్ధమాడుతున్నాయి. డిజిటల్ అంకెల్ని శబ్దతరంగంగా మార్చే డాక్ చిప్ దాటి ఇయర్‌ఫోన్ తీగలోకి వచ్చే తరంగంలో మెట్లే ఉండవు.

బిట్ల కథా ఇంతే. 16 బిట్లు ఇచ్చే అంతరం 96 డెసిబెల్స్. అంటే, రాత్రిపూట నిశ్శబ్దంగా ఉన్న గదిలో వినబడీ వినబడని సవ్వడి నుంచి చెవులు గింగురుమనే మోత దాకా అందులో పడుతుంది. 24 బిట్లు అక్కర్లేదని కాదు. స్టూడియోలో అవి చాలా అవసరం. గాయకుడు ఒక్కసారి గొంతు పెంచినా రికార్డింగ్ పగలకుండా లెవెల్ తగ్గించి పెట్టుకోవచ్చు, మిక్సింగ్‌లో ఎన్నిసార్లు మార్చినా రొద పేరుకోదు. ఆ పని పూర్తయ్యాక మన చేతికొచ్చే ఫైలులో వాటి అవసరం తీరిపోతుంది. నాలుగు నిమిషాల పాట కంప్రెస్ చేయకముందు సీడీ కొలతలో 42 ఎంబీ, 24/192లో 276 ఎంబీ. ఆ పెరిగిన బరువులో మన చెవికి చేరేది ఏమీ లేదు.

ఇది నా ఒక్కడి మాట కాదు. 2007లో అమెరికాలో మేయర్, మొరాన్ అనే ఇద్దరు ఒక పరీక్ష ప్రచురించారు. హైరెస్ డిస్కు నేరుగా ఒకసారి, అదే శబ్దాన్ని సీడీ కొలతకు కుదించి ఒకసారి, ఏది ఏదో చెప్పకుండా వినిపించారు. 554 సార్లలో సరిగ్గా గుర్తుపట్టింది 276 సార్లు. కళ్లు మూసుకుని ఏదో ఒకటి చెప్పినా అంతే వస్తుంది. దీనికి ఎదురు సాక్ష్యంగా హైరెస్ అభిమానులు 2016 నాటి జాషువా రీస్ పరిశీలనను చూపిస్తారు. చూపించాల్సిందే. ఆయన 18 ప్రయోగాల్లో పన్నెండు వేలకు పైగా వినికిడి పరీక్షల్ని కలిపి లెక్క కట్టి, తేడా గుర్తుపట్టినవి 52.3 శాతమని, చెవికి ముందే శిక్షణ ఇచ్చినవాళ్లలో అంతకంటే ఎక్కువని తేల్చారు. సరే, తేడా ఉందనే ఒప్పుకుందాం. మంచి పరికరాలు పెట్టుకుని, నిశ్శబ్దమైన గదిలో, ఏకాగ్రతతో కూర్చున్నవాళ్లకు చిక్కిన తేడా అది. సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు కోసం నిలబడి వినేవాడికి దానికోసం ఇరవై వేలు ఎక్కువ పెట్టమని చెప్పడం న్యాయమేనా?

నమ్మకం కలగనివాళ్లు ఇంట్లోనే చూసుకోవచ్చు. బాగా తెలిసిన పాట లాస్‌లెస్ ఫైలు, అంటే ఏదీ వదిలేయకుండా దాచిన ఫైలు, ఒకటి తీసుకుని, దాన్నే కొంత వదిలేసి కుదించే 256 కేబీపీఎస్ ఏఏసీలోకి మార్చండి. కంప్యూటర్‌లో ఫూబార్ అనే ఉచిత ప్లేయర్‌కు ఏబీఎక్స్ అనే జోడింపు ఉంది. రెండు ఫైళ్లనూ కలిపేసి, ఇప్పుడు మోగుతున్నది ఏదో చెప్పమంటుంది. మొదటి రెండు మూడుసార్లు ధీమాగా చెబుతాం. పదోసారికి చప్పట్ల మోత, తాళాల గలగల లాంటి చోట్లు వెతుక్కుంటూ, పాట వినడం మానేసి లోపాలు వినడం మొదలుపెడతాం. ఒక్క జాగ్రత్త: రెండింటి వాల్యూమ్ సమానంగా ఉండాలి. అర డెసిబెల్ ఎక్కువ మోగేదాన్ని మన చెవి ‘గట్టిగా ఉంది’ అనుకోదు, ‘బాగుంది’ అనుకుంటుంది. షాపులో రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి వినిపించడం ఎందుకూ పనికిరానిది ఇందుకే. చాలా ఫోన్లలో డాల్బీ మీట నొక్కగానే మొదట పెరిగేది వాల్యూమే.

ఇక డాక్ చిప్. ఈ విషయంలో ఎల్‌జీ అభిమానుల బాధ నాకు తెలుసు. 2015లో వీ10 నుంచి ఆ కంపెనీ ఫోన్లలో ఈఎస్‌ఎస్ డాక్ చిప్పులు పెట్టింది, 2016లో వీ20కి నాలుగు డాక్‌లని చెప్పుకుంది, 2021లో ఫోన్ల వ్యాపారమే మానేసింది. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటి 300 ఓమ్‌ల పెద్ద హెడ్‌ఫోన్లు ఉన్నవాళ్లకు ఆ ఫోన్లు నిజంగా ఉపయోగపడ్డాయి. కానీ మనలో చాలామంది వాడేవి 16 నుంచి 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్లు. వాటిని మోగించడం ఈనాటి మామూలు డాక్‌కు ఓ లెక్కలోది కాదు. జాక్ లేని ఫోన్‌కు వైరు ఇయర్‌ఫోన్ తగిలించడానికి యాపిల్ అమ్మే చిన్న సి టైప్ తోకలో కూడా ఒక డాక్ ఉంది. చిటికెన వేలంత లేదు, కొలిచినవాళ్లు దాని శబ్దం శుభ్రంగా ఉందని తేల్చారు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో దానికి వాల్యూమ్ పూర్తిగా రాదు, అది చూసుకుని కొనాలి. అంత చిన్న ముక్క చేయగలిగిన పనికి లక్ష రూపాయల ఫోన్ ఎందుకు?

పైగా ఆ లక్ష రూపాయల ఫోన్‌తో మనవాళ్లు వినేది బ్లూటూత్ బడ్స్‌లో! బ్లూటూత్‌లో పాట డిజిటల్‌గానే గాల్లో ప్రయాణిస్తుంది. దాన్ని శబ్దంగా మార్చే డాక్ బడ్ లోపలే ఉంటుంది. ఫోన్‌లోని డాక్ ఎంత గొప్పదైనా ఆ పాటను తాకను కూడా తాకదు. ఎల్‌డాక్ అనే బ్లూటూత్ పద్ధతి మహా అయితే పంపగలిగేది 990 కేబీపీఎస్. సీడీకి కావాల్సింది 1411. జనం కిక్కిరిసిన చోట తరంగాలు అడ్డం తగిలితే ఆ 990 కాస్తా 330కి దిగుతుంది. ఐఫోన్‌లో ఎల్‌డాకే లేదు. 2021లో యాపిల్ మ్యూజిక్ లాస్‌లెస్ పాటలు అదనపు డబ్బు లేకుండా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, ఆ కంపెనీ సొంత ఎయిర్‌పాడ్స్‌కే బ్లూటూత్‌లో అవి అందలేదు. ఇదే కంపెనీ 2016 సెప్టెంబర్‌లో ఐఫోన్ 7 నుంచి హెడ్‌ఫోన్ జాక్ తీసేసి, దానికి ధైర్యమని పేరు పెట్టి, అదే వేదిక మీద ఎయిర్‌పాడ్స్ బయటపెట్టింది. తర్వాత తక్కినవాళ్లూ అదే దారి పట్టారు. నాణ్యత పేరు చెప్పి ఫోన్ ధర పెంచినవాళ్లే, నాణ్యత నష్టపోకుండా వినే అతి చవకైన దారిని మూసేశారు. జాక్ ఇప్పుడు ఎక్కువగా మిగిలింది పన్నెండు పదిహేను వేల ఫోన్లలో. సంగీతం కోసమే అయితే నేను అలాంటి ఫోన్‌నే ముందు చూడమంటాను: జాక్‌లో పెట్టగానే బుస్సుమనే రొద రాకూడదు, మెమరీ కార్డుకు చోటుండాలి. అంతకు మించి ఫోన్‌ను అడగాల్సింది ఏమీ లేదు.

డబ్బు పెట్టాల్సింది చెవి దగ్గర. అక్కడా ధర చూసి మోసపోవద్దు. 2017లో జెరోన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్లను కొలిచి, వాటి ఫ్రీక్వెన్సీ తీరుకూ ధరకూ పొంతనే లేదని చూపించాడు. ఈ రోజు రెండు మూడు వేలకు దొరికే వైరు ఇయర్‌ఫోన్లలో, పదేళ్ల క్రితం పాతిక వేలు పెట్టినా దొరకని సమతూకం ఉన్నవి ఉన్నాయి. వాటిని కూడా పాడుచేసుకునే మార్గం ఒకటి అందరిళ్లలో నడుస్తోంది. డబ్బాలో మూడు సైజుల రబ్బరు టిప్పులు ఇస్తారు. మధ్యది ముందే తొడిగి ఉంటుంది. మిగతా రెండూ కవరులోనే ఉండిపోతాయి, కొన్నాళ్లకు కవరుతో సహా పోతాయి. చెవి రంధ్రానికీ టిప్పుకీ మధ్య వెంట్రుకవాసి సందు ఉన్నా లోస్వరాలన్నీ అందులోంచి జారిపోతాయి. మృదంగం కుడి వైపు టకటకలు మాత్రం వినిపించి, ఎడమ వైపు నుంచి వచ్చే గంభీరమైన గుంకారం మాయమవుతుంది. ‘ఈ ఫోన్‌లో బేస్ లేదు’ అని కొత్త ఫోన్ కోసం వెతుకుతారు. పెద్ద సైజు టిప్పు తొడిగి, చెవిని కాస్త పైకి లాగి లోపలికి దూర్చి చూడండి. చాలామందికి రెండు చెవుల రంధ్రాలూ ఒకే కొలతలో ఉండవు. ఒకవైపు పెద్దది, ఒకవైపు మధ్యది పెట్టుకోవడంలో తప్పేమీ లేదు.

రోజూ బస్సులోనో మెట్రోలోనో వినేవాళ్లకైతే బయటి మోత తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ బడ్స్ మేలు. చుట్టూ మోత ఉంటే తంబుర నాదం ఎన్ని బిట్లలో ఉన్నా దాని కింద అణిగిపోతుంది. దాన్ని దాటించాలని వాల్యూమ్ పెంచుతూ పోతే పోయేది చెవే. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇప్పుడు అసలు విషయం. ‘మాయాబజార్’ విడుదలైంది 1957లో. అందులోని పాటలు మోనో. ఆ రోజుల సౌండ్ నెగెటివ్‌లో ఎనిమిది పది కిలోహెర్ట్జ్ పైన మిగిలింది బహు స్వల్పం. అప్పటి టేపుల నుంచి, గ్రామఫోన్ రికార్డుల నుంచి 60, 70 డెసిబెల్స్ అంతరం దక్కితే గొప్ప. 16 బిట్ సీడీయే వాటికి విశాలమైన ఇల్లు. అలాంటి పాటకు హైరెస్ ముద్ర వేసి ఇస్తే శ్రోతకు ఒరిగేది శూన్యం. ఘంటసాల గొంతు బాగా వినబడటానికి కావాల్సినవి వేరే. ఏ టేపు నుంచి ఎక్కించారు? అది మాస్టరా, పదో కాపీనా? టేపు సరైన వేగంతో తిరిగిందా? ఒకే పాత పాట ఒక యాప్‌లో ఒక శ్రుతిలో, ఇంకో యాప్‌లో అంతకంటే కాస్త పైన వినిపించడం నేనే గమనించాను. ఎక్కించేటప్పుడు వేగం చూసుకోని పని అది. హిస్, అంటే టేపు రొద, తీసేయాలన్న అత్యుత్సాహంలో ఫిల్టరు వేసి, హిస్‌తో పాటు ‘స’కార, ‘శ’కారాల అంచులూ, పల్లవి వెనక నడిచే తంబుర శ్రుతీ కలిపి తుడిచేసినవి కొల్లలు. మోనో పాటకు ప్రతిధ్వని పూసి దొంగ స్టీరియో చేసినవి మరికొన్ని. ఈ హాని ఏ ఫోనూ మాన్పలేదు.

కొత్త పాటలకు ఇంకో తెగులు. పక్క పాట కంటే గట్టిగా మోగాలన్న పోటీలో, మాస్టరింగ్‌లో అన్నిటినీ పైకి నొక్కేసి చదును చేస్తారు. చరణంలో గొంతు తగ్గినా, పల్లవిలో డప్పులు లేచినా వాల్యూమ్ ఒక్కటే. 96 డెసిబెల్స్ చోటులో పదైనా వాడని పాటను 24 బిట్లు ఇచ్చే 144 డెసిబెల్స్ డబ్బాలో పెట్టి హైరెస్ అని అమ్ముతున్నారు. లాస్‌లెస్ అని ముద్ర వేసిన ఫైలును స్పెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూస్తే, కొన్నిటిలో 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు నల్లగా తెగిపోయి ఉంటుంది. అది ఎప్పటిదో 128 కేబీపీఎస్ ఎంపీ3కి కొత్త డబ్బా తొడిగారనడానికి బలమైన గుర్తు.

శ్రోత తన ఫోన్‌ను అనుమానిస్తున్నంతకాలం ఈ పనులు చేసేవాళ్లకు భయం లేదు. పాట బాగా లేకపోతే ‘నా ఫోన్ మంచిది కాదేమో’ అనుకుని మనమే సిగ్గుపడి ఇంకో ఫోన్ కొంటున్నాం. సంగీత హక్కులు చేతిలో పెట్టుకున్న కంపెనీలు అడిగేవాడు లేక నిశ్చింతగా ఉన్నాయి. ఫోన్‌లో ఏ చిప్ ఉందో నోటికి అప్పజెప్పగలిగిన మనం, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ రికార్డును ఎవరు, ఏ ఏడు, ఏ డిస్కు నుంచి ఎక్కించారని ఒక్కసారైనా అడిగామా? ప్రతి పాత పాట కింద ఆ వివరం రాయమనాలి: మూలం ఏది, ఎక్కించిన ఏడాది ఏది, ఆ పని చేసిన ఇంజనీరు ఎవరు, మోనోయా స్టీరియోనా. ఫైలు పక్కన రెండు పంక్తులు. వాళ్లకు దమ్మిడీ ఖర్చు లేదు. పాటకు డబ్బు కట్టే ప్రతివాడికీ అది అడిగే హక్కుంది. ఆలస్యం చేయడానికీ వీల్లేదు. కొన్ని పాత టేపుల్లో పూత పట్టి ఉంచే జిగురు తేమకు మెత్తబడుతుంది. అలా పాడైన టేపును తక్కువ వేడిలో గంటల తరబడి ఆరబెడితే గానీ మళ్లీ మోగించలేరు. గ్రామఫోన్ రికార్డు ఒకసారి పగిలితే అంతే సంగతులు. ఈ ఏడాది కొత్త ఫోన్‌కు దాచిన డబ్బులో మూడు వేలు ఇయర్‌ఫోన్లకు తీసి, మిగతాది మీ దగ్గరే ఉంచుకోండి. మీరు నెలనెలా డబ్బు కట్టే పాటల కంపెనీకి ఈ రాత్రే ఆ నాలుగు ప్రశ్నలూ రాసి పంపండి.