ప్రార్థనకు సమ్మతి, విలువలకు ఆచరణ

కొండగట్టు అంజన్న సన్నిధిలో మాల విరమణ రోజులు దగ్గర పడ్డాయంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో పెద్దలతో పాటు పిల్లలూ కాషాయ వస్త్రాల్లో, చెప్పుల్లేని కాళ్లతో కనిపిస్తారు. 2024 ఏప్రిల్ 16న గోదావరి అవతలి ఒడ్డున, మంచిర్యాల జిల్లా లక్సెట్టిపేట మండలం కన్నెపల్లిలో ఆ వస్త్రాలే పెద్ద గొడవకు దారితీశాయి. మదర్ థెరిసా పేరుతో నడిచే బడికి కొందరు విద్యార్థులు హనుమాన్ దీక్ష దుస్తుల్లో వచ్చారు. తల్లిదండ్రులను పిలుచుకురమ్మని మాత్రమే చెప్పామని యాజమాన్యం అంది. దీక్ష దుస్తులను నిషేధించారన్న మాట ఊరూరా పాకింది. ఒక గుంపు బడి మీద పడి అద్దాలు పగలగొట్టింది. మదర్ థెరిసా విగ్రహాన్నీ వదల్లేదు. మరోపక్క యాజమాన్యం మీదా పోలీసు కేసు నమోదైంది.

బడి మీద దాడికి ఏ దీక్షా సమర్థన కాదు. అందులో రెండో మాటకు తావులేదు. అయితే ఆ ఘటన లేవనెత్తిన ప్రశ్నకు ఇంకా జవాబు చెప్పుకోవాల్సి ఉంది. చదివే పిల్లల్లో ఎక్కువ మంది హిందువులు, ముస్లింలు అయినప్పుడు, క్రైస్తవ యాజమాన్యంలోని ప్రాథమిక పాఠశాల క్రైస్తవ విలువలను ఎలా నేర్పాలి? పసిపిల్లల ఆత్మిక వికాసం అంటే ఏమిటి?

చరిత్రలోకి వెళితే సగం జవాబు దొరుకుతుంది. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో పల్లెల్లో తెలుగు చదువు అంతంతమాత్రం. 1870ల చివర్లో హైదరాబాద్ చేరిన వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు మెదక్, కరీంనగర్ వైపు విస్తరించి మాల, మాదిగ వాడల్లో బడులు పెట్టారు. మతప్రచారం వారి ఉద్దేశాల్లో ఒకటన్నది దాచాల్సిన పని లేదు. కానీ ఊరిబడి అరుగు ఎక్కనివ్వని పిల్లల చేతికి పలక అందించిందీ ఆ బడులే. చార్లెస్ వాకర్ పోస్నెట్ కరువు కాలంలో జనానికి పని, తిండి దొరికేలా మెదక్ చర్చిని కట్టించారు. 1924 డిసెంబర్ 25న దాన్ని ప్రారంభించారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా 1912లో అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య డోర్నకల్ కేంద్రంగా పల్లె జనం మధ్యే జీవితాంతం పనిచేశారు. తెలంగాణ పల్లె క్రైస్తవ విలువలను మొదట చూసింది పాఠంగా కాదు. అంటరానివాడని దూరం పెట్టిన పిల్లాడిని పక్కన కూర్చోబెట్టుకోవడంలో చూసింది.

మిగతా సగం జవాబు రాజ్యాంగంలో ఉంది. మైనారిటీలు తమకు నచ్చిన విద్యాసంస్థలను నెలకొల్పి నడుపుకునే హక్కును 30వ అధికరణ ఇచ్చింది. ఈ హక్కు ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడుల్లో మతబోధన కూడదని 28వ అధికరణ మొదటి క్లాజు చెబుతుంది. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న ఏ సంస్థలోనైనా, సంరక్షకుల సమ్మతి లేకుండా మైనర్ విద్యార్థిని మతబోధనలో గానీ ఆరాధనలో గానీ పాల్గొనమని బలవంతం చేయరాదని మూడో క్లాజు చెబుతుంది. మతాల గురించి తెలియజెప్పడం వేరు, మతాన్ని బోధించడం వేరన్న తేడాను 2002లో అరుణా రాయ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు గుర్తించింది. యాజమాన్యానికి హక్కు, పిల్లవాడికి రక్షణ రెండూ ఒకే రాజ్యాంగం ఇచ్చినవి. ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తే కుదరదు.

ఇంగ్లండ్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. బడుల్లో నిత్య సామూహిక ఆరాధనను 1944 నాటి విద్యా చట్టమే తప్పనిసరి చేసింది. 1988 చట్టం అది ప్రధానంగా క్రైస్తవ స్వభావంతో ఉండాలంది. అయినా తమ పిల్లలను దాని నుంచి తప్పించే హక్కు తల్లిదండ్రులకు అక్కడ ఉంది. ఇక ఆత్మిక వికాసాన్ని అక్కడి తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ ప్రార్థనల లెక్కతో కొలవదు. పిల్లవాడు తన నమ్మకాల గురించి ఆలోచించగలుగుతున్నాడా, ఇతరుల నమ్మకాలను గౌరవిస్తున్నాడా, లోకాన్ని చూసి అబ్బురపడుతున్నాడా అని చూస్తుంది.

మన దేశంలోనూ కదలిక వచ్చింది. దాదాపు 14 వేల బడులను నడుపుతున్న కేథలిక్ సంఘం తరఫున బిషప్‌ల సమాఖ్య 2024 ఏప్రిల్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఇతర మతాల పిల్లల మీద క్రైస్తవ ఆచారాలను రుద్దవద్దని, ఉదయం అసెంబ్లీలో రాజ్యాంగ పీఠికను చదివించాలని, అన్ని మతాల వారికీ ప్రార్థనా స్థలం ఏర్పాటు చేయాలని అందులో సూచించింది. వెరపుతో వేసిన వెనకడుగుగా కొందరు దీన్ని చూడవచ్చు. తన మూలాల వైపు వేసిన ముందడుగుగా చూడటమే న్యాయం.

మన పట్టణాల బడుల్లోని పిల్లలను దగ్గరగా చూస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. తండ్రి దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటాడు. తల్లి చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ బీడీలు చుడుతుంది. సిరిసిల్లలోనైతే ఇంట్లో మరమగ్గాల కూలీ మీదే బతుకు. ఏ నెలైనా పైసలు ఆలస్యమైతే ఫీజు ఆగుతుంది. పొరుగువారిని ప్రేమించమని అసెంబ్లీలో పాడించి, ఆ వెంటనే ఫీజు కట్టని వారిని పేరు పెట్టి వరుసలోంచి బయట నిలబెడితే పిల్లలకు ఏ పాఠం మిగులుతుంది? పాట మరచిపోతారు. నిలబెట్టిన రోజును మరచిపోరు. రోజా ఉన్న పిల్లాడిని ఎండపూట ఆటల పీరియడ్‌లో నీడన కూర్చోమనడం, దీక్షలో ఉన్న పిల్లాడికి భోజనాల వేళ విడిగా చోటు చూపించడం, కొట్టుకున్న ఇద్దరి చేతా క్షమాపణ చెప్పించి చేతులు కలిపించడం, బెత్తం పక్కన పెట్టడం. క్రైస్తవ బడికి ఇంతకు మించిన సువార్త పాఠం లేదు. పైగా 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది.

వేములవాడ రాజన్న ఆలయ ప్రాంగణంలోనే దర్గా ఉంది. కోడె మొక్కు చెల్లించిన చేతులే అక్కడా మొక్కుతాయి. పరాయి భక్తిని చూసి బెదరడం ఈ నేల అలవాటు కాదు. ఇక్కడి తల్లిదండ్రులు క్రైస్తవ బడిని ఎంచుకున్నది క్రమశిక్షణ కోసం, ఇంగ్లిష్ చదువు కోసం, పిల్లలు మంచిగా పెరుగుతారన్న నమ్మకంతో. ఆ నమ్మకానికి తగ్గ జవాబుదారీతనం యాజమాన్యాల మీద ఉంది.

అందుకే వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోపు మూడు పనులు జరగాలి. అడ్మిషన్ ఫారంతో పాటే బడిలో జరిగే ప్రార్థన, బైబిల్ తరగతి వివరాలను తెలుగులో, ఉర్దూలో ముద్రించి తల్లిదండ్రుల సమ్మతి అడగాలి. వద్దన్నవారి పిల్లలకు ఆ సమయంలో కథల పుస్తకమో బొమ్మలు గీసే పనో ఇవ్వాలి, శిక్షలా అనిపించే ఒంటరితనం కాదు. దీక్షలు, రోజాలు, బొట్టు, గోరింటాకుల విషయంలో బడి నియమం ఏమిటో ముందే రాసి, తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపించాలి. తేడా వస్తే మండల విద్యాధికారి సమక్షంలో మాట్లాడుకోవాలి. బడి గేటు దగ్గర తీర్పు చెప్పే అధికారం ఏ గుంపుకూ లేదు.

ప్రార్థనకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. దయకు, క్షమకు, సమానత్వానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఆ మూడింటినీ తరగతి గదిలో రోజూ చేసి చూపించే బడినే ఈ ప్రాంతం తన బడి అనుకుంటుంది, దానికి తానే కాపలా కాస్తుంది.