ఎవరు చంపారో అందరికీ తెలిసిన హత్యలు

(పీర్జాదిగూడ గది నుంచి – 11)



పోయిన ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక పాత పుస్తకం దొరికింది. వికాస్ స్వరూప్ రాసిన 'సిక్స్ సస్పెక్ట్స్'. 2008లో వచ్చిన ఇంగ్లిష్ నవల. 'స్లమ్‌డాగ్ మిలియనీర్' సినిమాకు మూలమైన 'క్యూ అండ్ ఏ' కూడా ఈయన రాసిందే. మెట్రోలో మొదలుపెట్టాను. ఉప్పల్‌లో దిగి షేర్ ఆటో ఎక్కి, ఏళ్ల తరబడి సగంలో ఆగిన ఫ్లైఓవర్ పిల్లర్ల పక్కన దుమ్ము తింటూ పీర్జాదిగూడ చేరేదాకా మూయలేదు. చెత్త పుస్తకమని తిట్టడానికి రాయట్లేదు. రెండు రాత్రులు నిద్ర మానుకుని చదివించింది.

కథ ఇది. ఉత్తరప్రదేశ్ హోంమంత్రి కొడుకు విక్కీ రాయ్. బార్‌లో మందు పోయలేదని రూబీ గిల్ అనే అమ్మాయిని కాల్చి చంపుతాడు. కోర్టులో నిర్దోషిగా బయటపడతాడు. ఆ సంబరానికి ఢిల్లీ దగ్గరి ఫామ్‌హౌస్‌లో పార్టీ ఇస్తాడు. ఆ పార్టీలోనే అతణ్ణి ఎవరో కాల్చేస్తారు. తుపాకులతో దొరికిన ఆరుగురిలో అతని కన్నతండ్రి ఉన్నాడు, సినిమా తార ఉంది, రిటైరైన పెద్ద అధికారి ఉన్నాడు, సెల్‌ఫోన్ల దొంగ ఉన్నాడు. తమ తెగ పవిత్ర శిలను వెతుక్కుంటూ అండమాన్ నుంచి వచ్చిన ఓంగే ఆదివాసీ ఎకేతి కూడా ఉన్నాడు. వీళ్లలో చంపిందెవరు? ఇదీ మిస్టరీ.

నా రూమ్మేట్ తమ్ముడు పీజీ చేస్తున్నాడు. వాడూ చదివి ఒక్క ప్రశ్న వేశాడు. "అన్నా, మనోళ్ల సావుల మీద ఇట్లాంటి డిటెక్టివ్ నవల ఎందుకు లేదే?"

హాస్టల్లో కొమ్మూరి యుగంధర్‌నీ, మధుబాబు షాడోనీ దుప్పటి కింద చదువుకున్న నాకు ఈ ప్రశ్న ఎన్నడూ తట్టలేదు. మూడు రోజులుగా దాని గురించే ఆలోచిస్తున్నాను.

మళ్లీ నవల చూడండి. ఇందులో హత్యలు రెండు. రూబీ గిల్‌ను ఎవరు చంపారో మొదటి పేజీల్లోనే అందరికీ తెలుసు. తెలిసినా శిక్ష పడలేదు. కాబట్టి ఆ చావు మిస్టరీ కాదు, కథకు ముందు జరిగిన సంగతి మాత్రమే. వందల పేజీల దర్యాప్తు నడిచేది ఆమెను చంపినవాణ్ణి ఎవరు చంపారని! హత్యల్లోనూ కులాల మెట్లు ఉంటాయని నవల మొదట్లోనే ఒక జర్నలిస్టు పాత్ర అంటుంది. రచయితకు విషయం తెలుసు. తెలిసినా, మిస్టరీ నవల కొలతకు సరిపోయే శవం మంత్రి కొడుకుదే అయింది.

ఈ కథకు అసలుది 1999లో ఢిల్లీలో జరిగింది. జెస్సికా లాల్‌ను చంపింది హర్యానా రాజకీయ నాయకుడి కొడుకు. 2006 ఫిబ్రవరిలో కింది కోర్టు వదిలేసింది. దేశం భగ్గుమంది, కొవ్వొత్తులు వెలిగాయి, టీవీలు ఊగిపోయాయి. అదే డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు యావజ్జీవం వేసింది. పది నెలలు. ఆ కుటుంబం చేసిన పోరాటాన్ని నేను తక్కువ చేయను. కానీ మన లెక్క కూడా చెప్పుకోవాలి కదా.

చుండూరు. 1991 ఆగస్టు 6. ఎనిమిది మంది దళితులను పట్టపగలు వేటాడి నరికారు. కొన్ని శవాలను గోనె సంచుల్లో కుక్కి కాల్వలో పడేశారు. నరికినవాళ్లెవరో వాడకు తెలుసు, ఊరికి తెలుసు. అట్రాసిటీ చట్టం కింద ప్రత్యేక కోర్టు చుండూరులోనే పెట్టాలని బాధితులు కొట్లాడి సాధించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడ్డాయి. అంటే పదహారేళ్లు. 2014 ఏప్రిల్‌లో మన హైదరాబాద్ హైకోర్టు నేరం రుజువు కాలేదని అందరినీ వదిలేసింది. ఎనిమిది శవాలున్నాయి, చంపినవాడు మాత్రం ఒక్కడూ లేడు! ఇంతకు మించిన మిస్టరీ ఏ రచయిత అల్లగలడు?

అంత వెనక్కి పోనక్కర్లేదు. 2022 మేలో కాకినాడలో ఏం జరిగింది? అధికార పార్టీ ఎమ్మెల్సీ దగ్గర డ్రైవర్‌గా చేసిన దళిత యువకుడి శవం ఆ ఎమ్మెల్సీ కారులోనే ఇంటికొచ్చింది. రోడ్డు ప్రమాదం అన్నారు. తల్లిదండ్రులు నమ్మలేదు. దళిత సంఘాలు కదిలాకే అది హత్య కేసయింది, ఎమ్మెల్సీ అరెస్టయ్యాడు. నేరం తేల్చాల్సింది కోర్టు, నేను తీర్పు చెప్పట్లేదు. నేను చూస్తున్నది ఒక్కటే: ఆ కన్నవాళ్లు నోరు మూసుకుని దహనం చేసి ఉంటే అక్కడ 'హత్య' అన్న మాటే ఉండేది కాదు.

అందుకే తమ్ముడికి నేనిచ్చిన జవాబు ఇది. డిటెక్టివ్ నవల ఒక నమ్మకం మీద నిలబడుతుంది. హంతకుడు దాక్కుంటాడు, తెలివైనవాడు పట్టుకుంటాడు, చట్టం శిక్షిస్తుంది. మన దగ్గర హంతకుడు దాక్కోడు. మీసం మెలేసి అదే బజార్లో తిరుగుతాడు. దాక్కోవాల్సింది సాక్షి. మనకు మిస్టరీ హత్యతో కాదు, ఎఫ్ఐఆర్‌తో మొదలవుతుంది. ఫిర్యాదు ఏ గంటకు ఇచ్చారు, ఏ గంటకు రాశారు? ఏ సెక్షన్ పెట్టలేదు? వాంగ్మూలంలో ఏ పేరు జారిపోయింది? ఏ సాక్షి ఎవరి పొలంలో కూలికి పోయి మాట మార్చుకోవాల్సి వచ్చింది?

మన నవల 'ఎవరు చంపారు' అని అడగదు. 'ఎవరు చెరిపారు' అని అడుగుతుంది. అందులో డిటెక్టివ్ కోటు వేసుకున్న బాబు కాదు, కొడుకు శవం ముందు కూర్చుని "ఇది యాక్సిడెంట్ కాదు" అన్న తల్లి.

పోలీసుల చేతిలో ఎకేతికి పట్టిన గతి చదివి నేను పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు బయట నిలబడ్డాను. ఆరుగురు అనుమానితుల్లో అతనికి మాత్రమే వెనక ఎవరూ లేరు. మనకు ఆ పాత్ర కొత్త కాదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ జిల్లాలో ఒక కేసు తీసుకోండి. ఎఫ్ఐఆర్, చార్జిషీటు, తీర్పు పక్కపక్కన పెట్టి చదవండి. వాడకు పోయి పెద్దమనుషులను కాదు, ముసలమ్మలను అడగండి. రాయండి. మా రూమ్మేట్ నిన్న రాత్రే ఒక నోట్‌బుక్ కొన్నాడు. మొదటి పేజీలో చుండూరు అని రాసి, కింద తేదీ వేశాడు.

జై భీమ్.