చుట్టపుచూపు లెక్కలోకి రాదా?

ఏ ఊరు ఎంతమందిని ఆకట్టుకుంటోందో లెక్కగట్టే సంస్థలు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. మాస్టర్‌కార్డ్ సంస్థ 2019లో ఇచ్చిన జాబితాలో బ్యాంకాక్‌ది ప్రథమ స్థానం. అంతకు ముందు ఏడాది 2 కోట్ల 20 లక్షల మందికి పైగా విదేశీయులు అక్కడ బస చేశారట. యూరోమానిటర్ అనే మరో సంస్థ సౌకర్యాలు, ఆరోగ్యం, భద్రత లాంటివి కూడా చూసి 2023లో వంద నగరాల్లో పారిస్‌ని మొదట నిలబెట్టింది. మన హైదరాబాదుకీ కితాబులు తక్కువేం కాదు. 2015లో చూడదగ్గ 20 చోట్లలో ఒకటని నేషనల్ జియోగ్రాఫిక్ ట్రావెలర్ పత్రిక ఎంచింది. 2019లో యునెస్కో మన వంటలను మెచ్చి సృజనాత్మక నగరాల సరసన చేర్చింది. సంతోషమే.

కానీ నాదొక అనుమానం. ఈ లెక్కల్లో మన ఇంటికొచ్చే చుట్టాలున్నారా?

నవ్వకండి. ఉద్యోగానికి కాకుండా వేరే పని మీద ఇంకో ఊరెళ్లి ఒక్క రాత్రి గడిపినా పర్యాటకులే అంటుంది ఐక్యరాజ్యసమితి నిర్వచనం. హోటల్లో దిగినా, అక్కగారింట్లో దిగినా ఒకటే. మన దగ్గర మాత్రం లెక్కలు ఎక్కువగా హోటళ్లు, లాడ్జీలు పంపే వివరాల నుంచే వస్తాయి. మా హబ్సిగూడ, తార్నాకల సంగతే చూడండి. యూనివర్సిటీలో పరీక్ష రాయడానికొచ్చే మేనకోడలు, ఆమెకు తోడొచ్చే వదినగారు, వేసవి సెలవులకి పిల్లల్ని వెంటేసుకొచ్చే చెల్లెళ్లు... అందరూ దిగేది ఇళ్లలోనే. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, గోలకొండ చూడకుండా వెళ్తారా? టికెట్టు కొన్నచోట తలల లెక్కలో పడతారేమో గానీ, ఎక్కడ దిగారో, ఎన్ని అవస్థలు పడి వచ్చారో ఏ టికెట్టు మీదా ఉండదు.

వాళ్లకోసం తెల్లవారకుండా లేచి పులిహోర కలిపి, డబ్బాల్లో సర్ది, రాత్రికి హాల్లో పక్కలు పరిచే ఇల్లాలి చాకిరీ అసలే లెక్కలోకి రాదు. గది, కాఫీ హోటలువాళ్లు ఇస్తే పర్యాటక ఆదాయం. మనం ఇస్తే మర్యాద! మర్యాద చేయడం మనకిష్టమే. ఇష్టంగా చేసినంత మాత్రాన అది పని కాకుండా పోతుందా?

ఇది మెప్పుకోసం అడగడం కాదు. లెక్కలో లేనివాళ్ల అవసరాలు ఎవరి కంటికీ ఆనవు. డబ్బున్న అతిథి కారులో తిరుగుతాడు. మన చుట్టాలది సిటీబస్సు, నడక. బాత్రూం దొరకదేమోనని దాహమేసినా నీళ్లు తాగని ఆడవాళ్లు ఎంతమంది లేరు! చంటిబిడ్డకి పాలివ్వడానికి కాస్త చాటు, మోకాళ్ల నొప్పుల అత్తగారు కూర్చోవడానికో బెంచీ, చీకటిపడ్డాక బస్టాపులో దీపం... వాళ్లు వెతుక్కునేవి ఇవే. ఊరెలా ఉందంటే "బాగానే ఉంది గానీ..." అంటారు. ఆ "గానీ" తర్వాత చెప్పేదే ఊరికి అసలు మార్కు.

చూపించే చోట్ల విషయంలోనూ ఇదే తంతు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ ముందు చుట్టాలని నిలబెట్టి ఫోటో తీస్తాం. అక్కడికి కొద్ది దూరంలోనే, మౌలాలి గుట్ట కింద, ఉర్దూ కవయిత్రి మహలఖా బాయి చందా సమాధి ఉంది. తల్లి కోసం తాను కట్టించిన ఆవరణలోనే 1824లో ఆమెనీ ఖననం చేశారు. అక్కడికి ఎంతమందిమి తీసుకెళ్లాం? మనుషులు వస్తున్నారని లెక్కుంటేనే కదా ఏ చోటికైనా బస్సు, బోర్డు, మంచినీళ్ల కుళాయి వచ్చేది!

లెక్క తీయడం అసాధ్యమేమీ కాదు. 2023 డిసెంబరులో తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. డబ్బు తీసుకోకపోయినా కండక్టరు జీరో టికెట్టు కొట్టి ఇస్తారు. ఎంతమంది ఆడవాళ్లు ఎక్కారో దాంతో తెలిసిపోతుంది. ఉచితానికే లెక్కుండగా, అతిథికి ఉండకూడదా? సంక్రాంతికి, వేసవి సెలవులకి పెద్ద బస్టాండుల్లో, మ్యూజియం గేట్ల దగ్గర ఆడవాళ్లని మూడే ప్రశ్నలు అడగండి. ఎక్కడ దిగారు? బాత్రూముకి ఎక్కడికెళ్లారు? మగతోడు లేకుండా మళ్లీ రాగలరా?

బ్యాంకాక్‌తో, పారిస్‌తో పోటీ వద్దనను. కానీ ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. వదినగారు బొట్టు పెట్టించుకుని వెళ్తూ "మళ్లీ వస్తాం" అంటారు. మొహమాటానికి అన్నారో, ఊరు నచ్చే అన్నారో తెలుసుకోకుండా వేసే మార్కులు ఎవరికోసం?